ఐర్లండ్‌లో గాల్వే దగ్గర గోర్ట్ అనే చిన్న ఊళ్ళో ఇల్లు తీసుకుందామనుకుంటున్నాం. ఆ ఊరు ఎలాంటిది? దానికి చెప్పుకోదగ్గ చరిత్ర ఏమైనా ఉందా?

మీరు అడిగినవి రెండు విషయాలు. గాల్వేలో ఉద్యోగం వచ్చింది, అక్కడి అద్దెలు భరించలేం, ఇద్దరు పిల్లలతో గోర్ట్‌లో ఉండొచ్చా అన్నది ఒకటి. నెట్‌లో వెతికితే పెద్దగా ఏమీ దొరకలేదు, అసలు ఆ ఊళ్ళో ఏముంది అన్నది రెండోది. నేను గాల్వేలో పనిచేస్తూ గోర్ట్‌లోనే కాపురమున్న మనిషిని కాబట్టి రెండింటికీ చెప్తాను. కాకపోతే రెండోదానితో మొదలుపెడతాను, ఎందుకంటే గోర్ట్‌లో నేల ఎలాంటిదో, నీళ్ళు ఎటు పోతాయో తెలియకుండా ఇల్లు తీసుకోకూడదు.

గోర్ట్ గాల్వే కౌంటీకి దక్షిణం కొసన, క్లేర్ కౌంటీ సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది. గాల్వే నగరానికీ, క్లేర్‌లోని ఎన్నిస్ పట్నానికీ ఇంచుమించు మధ్యలో. జనాభా 3 వేలకు అటూ ఇటూ. తూర్పున స్లీవ్ ఆక్టీ కొండలు, పడమటన బర్రెన్ అనే సున్నపురాతి పీఠభూమి. ఈ రెండిటి మధ్య పల్లపు నేలలో ఊరు. కొండలవి ఇసుకరాతి కొండలు, పైన పీట్ నేల, అంటే కుళ్ళిన నాచూ గడ్డీ పేరుకున్న నేల, నీటిని లోపలికి ఇంకనివ్వవు. అక్కడ పడ్డ వానంతా వాగులై కిందికి దిగుతుంది. దిగాక తగిలేది సున్నపురాయి. బెలుం గుహలు చూసి ఉంటే సున్నపురాయిని నీళ్ళు ఎలా తొలిచేస్తాయో మీకు తెలిసే ఉంటుంది. ఇక్కడ కూడా కింద అంతా సొరంగాలే, తేడా ఏమిటంటే ఇవి ఇప్పటికీ నీళ్ళతో నిండి పారుతున్నాయి.

ఆ నీళ్ళ దారి ఒకసారి చెప్తాను, ఓపిగ్గా చదవండి. కొండల నుంచి వచ్చిన నీరు ముందు లాక్ కూట్రా అనే చెరువులోకి చేరుతుంది. అక్కడ నుంచి నది బయల్దేరి, లోతైన ఇరుకు లోయలో కొంత దూరం పారి, ఊరికి దక్షిణాన పంచ్‌బౌల్ అని పిలిచే పెద్ద గుంటలోకి దిగి మాయమైపోతుంది. చుట్టూ చెట్లు, నిట్టనిలువు అంచులు, అడుగున నల్లటి నీళ్ళు. మళ్ళీ ఒక గుహలోంచి బయటపడి గోర్ట్ నది అన్న పేరుతో ఊరి మధ్యగా పారుతుంది. ఊరు దాటాక ఉత్తరాన మళ్ళీ భూమిలోకి. మళ్ళీ అక్కడక్కడా పైకి తేలి, మునిగి, చివరికి కూల్ పార్క్ అనే పాత ఎస్టేట్‌లో ఉన్న చెరువులో కలుస్తుంది. ఆ చెరువు నుంచి నేల మీద బయటికి పోయే కాలువ ఒక్కటీ లేదు. అక్కడ నుంచి సముద్రం దాకా ప్రయాణమంతా భూగర్భంలోనే, కిన్వారా అనే రేవు ఊరి దగ్గర ఊటలుగా గాల్వే అఖాతంలోకి తేలుతుంది. ఈ దారి మధ్యలో కాహర్‌గ్లాసన్ అనే చెరువు ఒకటుంది. సముద్రానికి ఐదారు కిలోమీటర్ల లోపల ఉన్నా, పోటు వచ్చినప్పుడు అందులో నీటి మట్టం కదులుతుంది. అంటే సముద్రం పోటు మీద ఉంటే లోపలి నీళ్ళకు దారి బిగుసుకుంటుందన్నమాట.

వానాకాలం, ఎండాకాలం అని మనకున్నట్టు అక్కడ ఉండదు గానీ, చలికాలంలో వరసగా వానలు పట్టుకుంటే సొరంగాలు నిండిపోయి నీళ్ళు నేల బొరియల్లోంచి పైకి తన్నుకొస్తాయి. పచ్చిక మైదానాలు చెరువులైపోతాయి. వీటిని టర్లాక్ అంటారు. వేసవిలో ఆవులు మేసిన చోటే జనవరిలో ఐస్‌లాండ్ నుంచి వచ్చిన హంసలు ఈదుతుంటాయి. ఇలాంటి చెరువులు ప్రపంచంలో దాదాపుగా ఐర్లండ్‌లోనే ఉన్నాయి, అందులోనూ ఈ గోర్ట్ చుట్టుపక్కలే ఎక్కువ. కూల్ పార్క్‌కి వేసవిలో వెళ్తే రాళ్ళ మీద, పాత గోడల మీద ఒక నల్లటి నాచు కనిపిస్తుంది. ముట్టుకుంటే గరుగ్గా, ఎండిపోయి ఉంటుంది. అది ఎక్కడి దాకా పట్టిందో చూస్తే చలికాలంలో నీరు ఎంత ఎత్తుకు వస్తుందో ఇట్టే తెలిసిపోతుంది, చాలాచోట్ల అది మన తలకన్నా పైనే ఉంటుంది. మొదటిసారి అది అర్థమైనప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

ఇక చరిత్ర. ఏడో శతాబ్దంలో పడమటి ఐర్లండ్‌లోని కనాక్ట్ రాజ్యాన్ని ఏలిన గ్వారే అనే రాజు పేరు ఈ ఊరి పాత పేరులోనే ఉంది. ఆయన అక్కడివాళ్ళ దానకర్ణుడు. ఇచ్చీ ఇచ్చీ కుడిచెయ్యి ఎడమచేతికన్నా పొడవు సాగిందని చెప్పుకుంటారు. ఆయన బంధువు కోల్మన్ అనే సన్యాసి బర్రెన్ రాళ్ళల్లో ఉపవాస దీక్షలో ఉంటే, ఈస్టర్ నాడు రాజుగారి భోజనాల బల్ల మీది పళ్ళేలు వాటంతట అవే గాల్లోకి లేచి ఆ సన్యాసి దగ్గరికి ఎగిరిపోయాయని ఒక కథ. వెంటబడిన గుర్రాల డెక్కలు రాతికి అతుక్కుపోయాయట, ఆ జాడలంటూ ఇప్పటికీ చూపిస్తారు. ఆ కోల్మన్ స్థాపించిన మఠమే కిల్‌మాక్‌డువా, ఊరికి నైరుతిగా కొద్ది దూరంలో. తర్వాతి కాలంలో అక్కడ కట్టిన గుండ్రటి రాతి గోపురం సుమారు 34 మీటర్ల ఎత్తు, ఐర్లండ్‌లో ఇప్పుడు నిలిచి ఉన్నవాటిలో అదే ఎత్తైనది, కంటికి తెలిసేంత ఒరిగి ఉంటుంది. గోపురం గుమ్మం నేల మీద నుంచి ఏడు మీటర్ల పైన ఉంటుంది. టికెట్ లేదు, గేటు తోసుకుని లోపలికి వెళ్ళడమే. పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్ళండి.

మధ్యయుగాల్లో ఊరు ఓషానెసీ వంశం చేతిలో ఉండేది. ఇంగ్లండ్ గద్దె కోసం జేమ్స్, విలియం రాజుల మధ్య జరిగిన యుద్ధంలో వాళ్ళు ఓడిన జేమ్స్ పక్షాన ఉన్నందుకు 1690ల్లో భూములు పోయాయి. విలియం రాజును చంపడానికి 1696లో పన్నిన కుట్రను బయటపెట్టిన థామస్ ప్రెండర్‌గాస్ట్‌కి బహుమానంగా దక్కాయి. ఆ ఎస్టేటే వారసత్వంగా దిగి వచ్చి వెరెకర్ కుటుంబం చేతికి, అంటే గోర్ట్ ప్రభువులకు వచ్చింది. లాక్ కూట్రా ఒడ్డున వాళ్ళు కట్టించిన కోటకి ప్లాన్ గీసింది జాన్ నాష్, లండన్‌లో బకింగ్‌హామ్ ప్యాలెస్ పనులు చేసిన ఆర్కిటెక్టే.

ఇక్కడ నుంచి కథ మన దేశానికి తగులుతుంది, ఇది నేను అక్కడ ఉన్నన్నాళ్ళూ మనసులోంచి పోలేదు. కూల్ ఎస్టేట్‌ని 1768లో కొన్న రాబర్ట్ గ్రెగరీ ఈస్టిండియా కంపెనీలో సంపాదించుకుని తిరిగొచ్చినవాడు. తర్వాత ఆ కంపెనీకి చైర్మన్ కూడా అయ్యాడు. ఇక లాక్ కూట్రా కోట, 1840ల కరువులో వెరెకర్ల చేతిలోంచి జారిపోయాక, సర్ హ్యూ గఫ్ చేతికి వచ్చింది. సిక్కు యుద్ధాల్లో బ్రిటిష్ సేనలకు అధిపతి ఆయనే. ఊరికి అటొకటి, ఇటొకటి ఉన్న రెండు పెద్ద ఎస్టేట్ల వెనకా మన నేల సొమ్మో, మన నేల మీది యుద్ధాలో ఉన్నాయి.

ఆ కరువు గురించి రెండు ముక్కలు చెప్పకుండా ముందుకు పోలేను. 1845 నుంచి బంగాళాదుంప పంట తెగులుతో కుళ్ళిపోతే, దాని మీదే బతికే జనం లక్షల్లో చచ్చిపోయారు, లక్షల్లో ఓడలెక్కి వెళ్ళిపోయారు. 1847లో బ్రిటిష్ పార్లమెంటులో, పేదలకి సాయం చేసే చట్టానికి ఒక సవరణ వచ్చింది. పావు ఎకరం కన్నా, అంటే మన లెక్కలో పాతిక సెంట్ల కన్నా ఎక్కువ భూమి సాగు చేసుకునే వాడికి ప్రభుత్వ సాయం ఇవ్వకూడదని. గంజి కావాలంటే ఆ కాస్త నేలా వదిలేసుకోవాలి. వదులుకున్నాక జమీందారు ఇల్లు కూలగొట్టేస్తాడు. ఈ సవరణ ప్రతిపాదించింది కూల్ పార్క్ వారసుడు విలియం గ్రెగరీ, పైన చెప్పిన రాబర్ట్‌కి మునిమనవడు. అదే సంవత్సరం ఆయన తండ్రి కౌలుదార్లకి సాయం చేస్తూ కరువు జ్వరం తగిలి పోయాడు. తండ్రి చావు, కొడుకు సవరణ ఒకే ఏట. సొంత కౌలుదార్ల పట్ల విలియం దయగానే ఉండేవాడంటారు, కావచ్చు, కానీ ఆ సవరణ వల్ల దేశమంతటా కూలిన గడపల్ని ఆ దయ కడిగెయ్యలేదని నా అభిప్రాయం.

తర్వాత విలియం సిలోన్‌కి, అంటే ఇప్పటి శ్రీలంకకి, గవర్నర్‌గా చేసి, 1880లో చాలా చిన్న వయసున్న ఆగస్టాని పెళ్ళి చేసుకున్నాడు. లోకానికి లేడీ గ్రెగరీగా తెలిసింది ఆవిడే. 1892లో భర్త పోయాక ఐరిష్ భాష నేర్చుకుని, కిల్టార్టన్ పల్లె గుడిసెల్లోకీ గోర్ట్ వర్క్‌హౌస్‌లోకీ, అంటే దిక్కులేని పేదల్ని ఉంచే శరణాలయంలోకీ వెళ్ళి ముసలివాళ్ళ దగ్గర కూర్చుని కథలు రాసుకుంది. 1904లో డబ్లిన్‌లో అబ్బీ థియేటర్ పెట్టినవాళ్ళలో ఆవిడ ముఖ్యురాలు. ఐరిష్ కవి యేట్స్ ఎన్నో వేసవులు కూల్‌లోనే గడిపాడు, ఆ తర్వాత దగ్గర్లోనే థూర్ బాలీలీ అనే పాత రాతి బురుజుని 35 పౌండ్లకి కొనుక్కున్నాడు. కూల్ తోటలో ఒక రాగిరంగు ఆకుల బీచ్ చెట్టుంది, దాని బెరడు మీద వచ్చిన రచయితలంతా పొడి అక్షరాలు చెక్కారు. చెట్టు లావెక్కిన కొద్దీ అక్షరాలు సాగిపోయాయి గానీ కొన్ని ఇంకా చదవొచ్చు. పెద్ద బంగళా మాత్రం లేదు. ఆవిడ 1932లో పోయింది, ప్రభుత్వం చేతికి వెళ్ళిన ఇంటిని 1941లో కూలగొట్టేశారు. పునాది దిమ్మ ఒక్కటి మిగిలింది. ఆ ఇంటిని నిలుపుకోలేకపోవడం దేశానికే నష్టం.

కిల్టార్టన్ దగ్గరే 1920 నవంబర్ 1న స్వాతంత్ర్య పోరాట కాలంలో ఐలీన్ క్విన్ అనే గర్భిణి, బిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఇంటి ముందు కూర్చుని ఉండగా లారీలో పోతున్న పోలీసు దళం తూటాకి బలైంది. లేడీ గ్రెగరీ ఆ రోజుల సంగతులు పేరు లేకుండా ఇంగ్లండ్ పత్రికలో రాసింది. ఆ రోడ్డు మీద ఇప్పుడు కార్లు రయ్యిన పోతుంటాయి, ఎవరూ ఆగరు.

మీకు రోజూ కనపడే గోర్ట్ మాత్రం ఇంకోటి. నడిబొడ్డున విశాలమైన మార్కెట్ చౌరస్తా, చుట్టూ పబ్బులు, మందుల షాపు, మాంసం కొట్టు, వాటి పక్కనే బ్రెజిల్ సరుకుల కొట్టు. 1990ల చివర్లో బ్రెజిల్‌లోని అనాపొలిస్ అనే ఊరి నుంచి మాంసం ఫ్యాక్టరీలో పనికి మనుషులు వచ్చారు, వాళ్ళు తమ్ముళ్ళనీ బావమరుదుల్నీ పిలిపించుకున్నారు, ఒక దశలో ఊళ్ళో ముగ్గురిలో ఒకరు బ్రెజిల్ వాళ్ళేనని చెప్పుకునేవాళ్ళు. 2008 మాంద్యంలో చాలామంది వెళ్ళిపోయారు, కొందరు నిలబడ్డారు, వాళ్ళ పిల్లలు ఇప్పుడు హర్లింగ్ ఆడుతున్నారు, కర్రలతో బంతిని కొట్టే ఐరిష్ ఆట అది. గోర్ట్ జట్టు 2011లోనూ 2014లోనూ కౌంటీ కప్పు కొట్టింది, ఊళ్ళో ఆ ఆటంటే ప్రాణం. మీ పిల్లల్ని క్లబ్బులో చేర్పిస్తే మీకు ఊరు దానంతటదే పరిచయమవుతుంది. నాది పెద్దాపురం వైపు, ఆ కొట్లో కర్రపెండలం చూసి ఎంత సంబరపడ్డానో చెప్పలేను. బయటి నుంచి వచ్చినవాడిని ఇక్కడ వింతగా చూడరు, అది ఈ ఊరికి బ్రెజిల్ వాళ్ళు చేసిపెట్టిన మేలు.

ఇక మీ అసలు ప్రశ్న. రైలు ఉంది. 1976లో ప్యాసింజర్ బళ్ళు ఆపేశారు, 2010లో మళ్ళీ వేశారు, గాల్వేకి నేరుగా వెళ్ళొచ్చు. అదే ఏడాది మోటర్‌వే కూడా వచ్చింది కాబట్టి లారీలు ఊళ్ళోంచి పోవడం తగ్గింది. షిఫ్ట్ డ్యూటీ అయితే రైలు టైములు ముందే చూసుకోండి, కారు లేకపోతే రాత్రిళ్ళు కష్టం.

ఇల్లు చూసేటప్పుడు మాత్రం వరద సంగతి గట్టిగా అడగండి. 2009 నవంబర్‌లో నీళ్ళు ఊళ్ళోకి వచ్చాయి, గాల్వే రోడ్డే మూతపడింది. 2015 డిసెంబర్‌లో మళ్ళీ వచ్చాయి, థూర్ బాలీలీ బురుజు రెండుసార్లూ మునిగింది. మా పక్కింటి పెద్దావిడ తన వంటింటి గోడ మీద మోకాలి దగ్గర వేలు పెట్టి "ఇక్కడి దాకా" అని చూపించింది. పైకి చూస్తే ఆ గోడకి మచ్చ కూడా లేదు, కొత్త రంగు వేశారు. కాలువ తవ్వి నీటిని సముద్రానికి పంపాలని ఏళ్ళుగా మాట్లాడుతున్నారు గానీ, టర్లాక్‌లు రక్షిత ప్రాంతాలు, కింద ఎక్కడ ఏ సొరంగం ఉందో కచ్చితంగా తేల్చడం కష్టం. అందుకని ఏజెంట్ మాట ఒక్కటే నమ్మకండి. ఆ వీధిలో పాతకాపు ఎవరైనా ఉంటే, "2009లో మీ వీధిలోకి నీళ్ళొచ్చాయా?" అని అడగండి. వాళ్ళు నిజం చెప్తారు. నదికి ఆనుకున్న వీధులకన్నా స్టేషన్ వైపు చూడమంటాను. ఊరి బయట పొలాల మధ్య ఇల్లు చవగ్గా దొరికితే, ఇంటి చుట్టూ రాతి గోడల మీద ఆ నల్ల నాచు ఉందేమో చూసి, ఉంటే అడ్వాన్స్ ఇవ్వకుండా వెనక్కి వచ్చెయ్యండి.