పాత ఇళ్ల పుట్టుక రాసేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఊళ్ళో పాత ఇళ్ల సంగతులు రాయాలని పూనుకున్నావట. నోటుబుక్కు పట్టుకుని నేరుగా పెద్దవాళ్ల దగ్గరికి పోకు. ముందు ఇంటి చుట్టూ రెండుసార్లు తిరుగు. గోడ చూడకుండా వెళ్తే ఏం అడగాలో తెలీదు, "నూరేళ్ల ఇల్లు" అంటే అదే రాసుకొచ్చేస్తావు.

రాతిగోడలో పైనుంచి కిందిదాకా నిలువుగీత కనిపిస్తే అక్కడ ఆగు. ఒకేసారి కట్టిన గోడలో రాయి రాయినీ కరుచుకుని ఉంటుంది. గీత పడిందంటే ఒక భాగాన్ని తర్వాత ఆనించి కట్టారన్నమాట. మూలరాళ్లు పెద్దవిగా, పొందికగా పేర్చి ఉన్న వైపే సాధారణంగా పాతది.

తర్వాత అటక. దూలాల మీదే అడుగెయ్యి, మధ్యలో వద్దు. టార్చి ఎదురుగా కాక పక్కనుంచి వాలుగా కొట్టు, రంపపు గీతలు తేలతాయి. తిన్నగా, ఎడం ఎగుడుదిగుడుగా ఉంటే చేత్తో కోసింది. విల్లులా వంగి ఉంటే మిల్లులో గుండ్రటి రంపం కోసింది. గుండ్రటి తీగమేకులు విరివిగా వచ్చింది 19వ శతాబ్దం చివర్లో. పోర్ట్‌లాండ్ సిమెంటుకు, అంటే ఇప్పటి మామూలు సిమెంటుకు, పేటెంటు 1824లో; అది కనిపించిన పని అంతకు ముందుది కాదు. అయితే మేకు చెప్పేది మేకు వయసే, అది మరమ్మతులో కొట్టింది కావచ్చు. దూలంలో మరో కొయ్య దిగడానికి తొలిచిన అతుకు తొర్రలు ఇప్పుడు దేనికీ పనికిరాకుండా ఖాళీగా ఉంటే, ఆ కొయ్య వేరే కట్టడంలోంచి తెచ్చిందేమో అనుమానించు. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. గుమ్మం మీద చెక్కిన సంవత్సరమూ అంతే, బాగుచేయించినప్పుడు చెక్కించి ఉండొచ్చు.

దస్తావేజులు చూడు గానీ, వాటిలో తేదీ అమ్మకానిది, కట్టినదానిది కాదు.

ఇప్పుడు పెద్దవాళ్లు. ఒక్కొక్కరినే, గంటకు మించకుండా కూర్చోబెట్టు. నలుగురూ కలిస్తే గట్టిగా మాట్లాడేవాళ్ల మాటే అందరి జ్ఞాపకమైపోతుంది. ఏ ఏడు అని అడక్కు. "ఈ గది లేచేటప్పటికి మీకు పెళ్లయిందా? పెద్దబ్బాయి పుట్టాడా?" అని అడుగు. పాత ఫోటో ఉంటే చేతిలో పెట్టి ఊరుకో. ప్రతి మాట పక్కనా "చూసింది", "విన్నది" అని గుర్తు పెట్టు. ఇద్దరు ఒకే మాట చెప్పినా, ఇద్దరూ ఒకరి దగ్గరే విన్నారేమో కనుక్కో. మాటలు పొసగకపోతే రెండూ ఉంచు.

చివరికి నేల పటం గీసి, ముందు కట్టిందీ తర్వాత కట్టిందీ వేర్వేరు రంగులతో నింపు. సంవత్సరం తేలనిచోట అంకె వెయ్యకు. "నిలువుగీత గోడ తర్వాత, రేకుల కప్పుకు ముందు" అని రాస్తే చాలు.