చర్చిలో పెళ్లి, అన్నవరంలో తాళి: ఏది చెల్లుతుంది?

ప్రశ్న: పోలండ్‌లోని వ్రోత్స్వావ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అక్కడి క్యాథలిక్ అమ్మాయిని పెళ్లి చేసుకోబోతున్నాను. వాళ్ల ఊరి చర్చిలో పెళ్లి జరగాలని వాళ్లు, అన్నవరంలో తాళి కట్టాలని మా అమ్మానాన్న అంటున్నారు. చట్టప్రకారం ఏది చెల్లుతుంది? ఊళ్లో పిత్రార్జితం పొలంలో నా వాటాకు ఇబ్బంది వస్తుందా? – ఒక పాఠకుడు, కాకినాడ జిల్లా

జవాబు: రెండు వేడుకలూ చేసుకోండి. చట్టం లెక్కలోకి తీసుకునే పెళ్లి మాత్రం పోలండ్‌లోనే, అదీ ముందుగా జరగనివ్వండి.

అన్నవరం సంగతి మొదట చెప్తాను, చాలామంది పొరబడేది ఇక్కడే. 1955 హిందూ వివాహ చట్టం వర్తించాలంటే వధూవరులిద్దరూ హిందువులై ఉండాలి. క్రైస్తవ వరుడు, హిందూ వధువు గుడిలో చేసుకున్న పెళ్లి ఈ చట్టం కింద చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసు మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిందే. కాబట్టి తాళి ఒక్కటే కట్టి ఊరుకుంటే, రేపు ఏ గొడవ వచ్చినా ఆ అమ్మాయికి భార్యగా ఏ హక్కూ నిలబడదు. పుట్టిల్లు వదిలి అంత దూరం వచ్చే పిల్లను అలాంటి స్థితిలో పెట్టకండి. ‘మతం మార్పించి రిజిస్ట్రేషన్ చేయిస్తాం’ అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. కాగితం కోసం చేసిన మతమార్పిడి కోర్టులో ఆమెకే ఎదురు తిరగవచ్చు.

పోలండ్‌లో రెండు దారులున్నాయి. ఒకటి పౌర నమోదు కార్యాలయంలో పెళ్లి. రెండోది చర్చి పెళ్లి. వాటికన్‌తో 1993లో కుదిరి 1998లో అమల్లోకి వచ్చిన ఒప్పందం వల్ల, చర్చిలో జరిగిన పెళ్లికి కూడా చట్టబద్ధత వస్తుంది. అయితే ముందుగా నమోదు కార్యాలయం నుంచి ‘అడ్డంకులేవీ లేవు’ అనే పత్రం తెచ్చి ఫాదర్‌కు ఇవ్వాలి. దాని గడువు ఆరు నెలలు. పెళ్లయ్యాక అయిదు రోజుల్లోపు ఫాదర్ ఆ కాగితాలను కార్యాలయానికి పంపాలి. అవి వెళ్లాయో లేదో మీరే కనుక్కోండి. మీరు బాప్తిస్మం తీసుకోలేదు కాబట్టి, బిషప్ కార్యాలయం నుంచి ప్రత్యేక అనుమతి కూడా కావాలి. పిల్లలను క్యాథలిక్‌లుగా పెంచడానికి తన వంతు ప్రయత్నం చేస్తానని ఆమె మాట ఇవ్వాల్సి ఉంటుంది. ఈ విషయం మీ అమ్మానాన్నలకు పెళ్లికి ముందే చెప్పండి.

అసలు టెన్షన్ పెట్టేది మీ కాగితమే. స్వదేశపు చట్టం ప్రకారం పెళ్లికి అర్హత ఉందని విదేశీయుడు పత్రం చూపాలి. అది దొరకడం కష్టమైతే, పోలండ్‌లోని స్థానిక కోర్టు మినహాయింపు ఇవ్వగలదు. దానికి సమయం పడుతుంది గనుక, ఫంక్షన్ హాలు బుక్ చేయక ముందే దరఖాస్తు పెట్టండి. జనన ధ్రువీకరణ పత్రానికి అపొస్తీల్ ముద్ర (విదేశాల్లో చెల్లేలా మన ప్రభుత్వం వేసేది) వేయించి, ప్రమాణం చేసిన అనువాదకుడితో పోలిష్‌లోకి మార్పించాలి. మీకు పోలిష్ రాకపోతే నమోదు కార్యాలయంలో దుబాసీ కూడా ఉండాలి. పెళ్లి కూడా నమోదు కార్యాలయంలోనే చేసుకునేటట్టయితే, అడ్డంకులేవీ లేవనే ప్రకటన మీద మీరిద్దరూ సంతకాలు చేశాక మామూలుగా నెల రోజులు ఆగాలి.

మీ అమ్మానాన్న అక్కడికి వెళ్తే వాళ్లకు ఒక పని ఉంటుంది. విందుకొచ్చిన కొత్త జంటకు తల్లిదండ్రులు గుమ్మం దగ్గర రొట్టె, ఉప్పు ఇచ్చి స్వాగతం పలకడం అక్కడి ఆచారం. మీ అమ్మగారిని కూడా అందులో నిలబడమనండి. అర్ధరాత్రి పెళ్లికూతురి మేలిముసుగు తీసే ‘ఓచెపినీ’ వరకూ ఉండండి, వాళ్లకది ముఖ్యం.

పేరు విషయంలో ఆమెకు స్వేచ్ఛ ఉంది. తన ఇంటిపేరు ఉంచుకోవచ్చు, మీది తీసుకోవచ్చు, రెండూ కలపవచ్చు. పోలండ్ చట్టం ప్రకారం పెళ్లి రోజు నుంచి ఇద్దరి సంపాదనా ఉమ్మడి ఆస్తి అవుతుంది. అంతకుముందు ఉన్నవి, వారసత్వంగా వచ్చినవి ఎవరివి వారివే. ఇది మార్చుకోవాలంటే నోటరీ ముందు ఒప్పందం రాసుకోవాలి.

ఇక పొలం. 1969 విదేశీ వివాహ చట్టం 18వ సెక్షన్ ద్వారా, విదేశంలో జరిగిన ఇలాంటి పెళ్లికి ప్రత్యేక వివాహ చట్టంలోని (మతంతో పనిలేకుండా పెళ్లి చేసుకునే వీలిచ్చే మన చట్టం) ఫలితాలు వర్తిస్తాయి. వాటిలో ఒకటి, హిందూ ఉమ్మడి కుటుంబం నుంచి మీరు విడిపోయినట్టు లెక్క. మీ వాటా పోదు, అది విడి వాటా అవుతుంది. అన్నదమ్ములుంటే పెళ్లికి ముందే కూర్చుని, పంపకం దస్తావేజు రాసుకుని రిజిస్టర్ చేయించుకోవడం మేలు. ఆ తర్వాత మీ ఆస్తికి వారసత్వం 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం భార్యాపిల్లలకు వస్తుంది.

పెళ్లయ్యాక వార్సాలోని మన రాయబార కార్యాలయంలో, అదే 1969 చట్టం 17వ సెక్షన్ కింద పెళ్లిని నమోదు చేయించండి. రిజిస్టరైన పెళ్లి రెండేళ్లు నిలబడితే ఆమె ఓసీఐ కార్డుకు (విదేశీ పౌరులు భారత్‌లో దీర్ఘకాలం ఉండే వీలిచ్చే కార్డు) దరఖాస్తు చేయవచ్చు. ఆ కార్డు వచ్చినా, ఆమె పేరున వ్యవసాయ భూమి కొనడం మాత్రం కుదరదు.