భూపాలపల్లి బొగ్గులో చేతికి అంటుకునే పొర: కాలిన కట్టేనా?

తమ్మీ, భూపాలపల్లి బొగ్గుపెళ్లలో వేలికి మసి అంటుకునే సన్నటి పొర కనబడ్డది, అది కార్చిచ్చుల కాలిన కట్టేనా, మామూలు బొగ్గేనా అని అడిగినవ్ కదా. పొయ్యిల మిగిలిన కట్టెబొగ్గు ముక్క పక్కన పెట్టుకొని చూడు. మెరిసే నల్లబొగ్గు గాజు లెక్క పగుల్తది, చేతికి అంటదు. కాలిన కట్టెకు పట్టులాంటి మెరుపు, పొడుగు నారలు ఉంటయ్. గిల్లితే చిన్న చిన్న దిమ్మెలుగా విరిగి వేలు నల్లగైతది. నువ్వు రాసిన గుర్తులన్నీ దీనివే. నాకైతే చాలా సంతోషమైంది, ఎందుకంటే ఆ బొగ్గు పర్మియన్ కాలంది, 25 కోట్ల ఏండ్లు పైబడ్డది!

గట్టి రుజువు మాత్రం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో దొరుకుతది. కాలని కట్టెలో పక్కపక్క కణాల గోడల నడుమ సన్నటి గీత ఉంటది. సుమారు 300 డిగ్రీలు దాటి కాలితే ఆ గీత పోయి గోడలు ఒక్కటైతయ్. గోరంత ముక్క చాలు. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థలో ఇట్లాంటి శిలాజాల మీద పని చేస్తరు, రాసి చూడు.

ముక్కల అంచులు కూడా చూడు. నున్నగా అరిగి ఉంటే నీళ్లల్ల కొట్టుకొచ్చినయేమో, మంట వేరేకాడ లేచి ఉండొచ్చు. కడగకు, బ్రష్ పెట్టకు, నారలు రాలిపోతయ్. దూదిల చుట్టి డబ్బాల పెట్టి, ఏ పొరలో దొరికిందో ఇయ్యాలనే రాసిపెట్టు.