బండి బాగోగులు: ఘాటు దిగుతుంటే పట్టేసిన పిస్టన్

ప్రశ్న: సార్ నమస్తే, మాది కోరాపుట్ జిల్లా సునాబెడ. నాన్నగారి యమహా ఆర్‌ఎక్స్ 100, అదే టూ స్ట్రోక్ బండి, నేనే నడుపుతున్నా. దాని ఆయిల్ పంపు ఎప్పుడో పీకించేశారు, పెట్రోల్లోనే టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ బండ్ల ఆయిల్) అందాజాగా పోస్తాం. మొన్న సాలూరు వెళ్తూ సుంకి ఘాటు దిగుతుంటే వెనక చక్రం ఒక్కసారిగా లాక్ అయింది, క్లచ్ పట్టుకుని ఎలాగో ఆపాను. మెకానిక్ పిస్టన్ పట్టేసిందని, బోరు కొట్టించి (సిలిండర్ లోపల కొంచెం చెక్కించి) కొత్త పిస్టన్ వేద్దాం, ఇకపై ఆయిల్ ఎక్కువ పొయ్యి అంటున్నాడు. ఎంత పొయ్యాలి?

జవాబు: క్లచ్ పట్టారు, చాలా మంచి పని చేశారు. బోరు కొట్టించే ముందు అసలెందుకు పట్టేసిందో తేల్చండి, లేకపోతే కొత్త పిస్టనూ ఇలాగే పోతుంది.

ఫోర్ స్ట్రోక్ బండికి అడుగున ఆయిల్ ఉంటుంది, అదే తిరిగి తిరిగి వస్తుంది. టూ స్ట్రోక్‌లో పెట్రోలు, గాలి కలిసి పిస్టన్ కింద క్రాంకు తిరిగే గదిలోంచే పైకెళ్ళాలి కాబట్టి అక్కడ ఆయిల్ నిలవ ఉంచడం కుదరదు, పెట్రోల్‌తో వచ్చిన ఆయిలే బేరింగులకీ పిస్టన్‌కీ అంటుకుని తర్వాత కాలిపోయి సైలెన్సర్లోంచి బయటికి పోతుంది, అంటే ఎప్పటికప్పుడు కొత్తది రావాల్సిందే. ఘాట్లో గేరు వేసి ఉంచి ఎక్స్‌లేటర్ పూర్తిగా మూసేస్తే ఇంజన్ గిర్రున తిరుగుతూనే ఉంటుంది గానీ పెట్రోలు దాదాపు రాదు, దాంతోపాటే ఆయిలూ రాదు. మీకు జరిగింది ఇదే అని నా అనుమానం. పంపు ఉంటే అది ఇంజన్‌తోనే తిరుగుతుంది కాబట్టి మూసినా కాస్త వదులుతూనే ఉంటుంది. అందుకే పంపు మళ్ళీ పెట్టించమనే చెప్తాను.

ఆయిల్ ఎక్కువ పొయ్యడం మందు కాదండీ. కార్బురేటర్ జెట్‌లోంచి (పెట్రోలు వెళ్ళే సన్న రంధ్రం) వెళ్ళే దాంట్లో ఆయిల్ పెరిగితే పెట్రోలు తగ్గుతుంది, ఇంజన్ ఇంకా వేడెక్కుతుంది, ప్లగ్గు మసిబారుతుంది. పంపు లేకుండా నడిపినన్నాళ్ళూ లీటరుకి 25 మిల్లీలీటర్లు, అంటే నలభైకి ఒకటి, చాలు. ఫోర్ స్ట్రోక్ ఆయిల్ మాత్రం వద్దు.

విప్పినప్పుడు పిస్టన్ మీరే చేతిలోకి తీసుకుని చూడండి. తల అంచు కరిగినట్టుండి ప్లగ్గు తెల్లగా ఉంటే గాలి ఎక్కువైనట్టు, అప్పుడు మ్యాగ్నెట్ వైపు క్రాంకు సీలు ముందు చూడాలి, అది ఎండిపోతే అక్కడ్నుంచి గాలి పీలుస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే గేరాయిల్ తగ్గుతుంది, పొగ తెల్లగా దట్టంగా వస్తుంది. ఎలాగూ విప్పారు కదా, రెండూ మార్చేయండి, ఖరీదైనవేం కాదు.

లేత్ షాపులో బోరు కొట్టాక పోర్టుల (సిలిండర్ గోడలోని రంధ్రాల) అంచులు నున్నగా రుద్దించండి, లేదంటే రింగు అక్కడ తగులుకుని విరుగుతుంది. పిస్టన్ మీది బాణం గుర్తు సైలెన్సర్ వైపు, రింగుల నోళ్ళు (కొసలు కలిసే చోటు) రింగు గాడిలోని చిన్న పిన్నుల దగ్గరే ఉండాలి. పంపు బిగించాక పైపులో గాలి బుడగలు పోయేదాకా పంపు మీది స్క్రూ వదులు చేసి ఆయిల్ కారనిచ్చి మళ్ళీ బిగించండి, ఆ మొదటి ట్యాంకు పెట్రోల్లో కూడా కొంచెం ఆయిల్ కలపండి. ఇక ఘాటు దిగేటప్పుడు మధ్యమధ్యలో ఎక్స్‌లేటర్ ఒకసారి ఇచ్చి వదలండి. ఆయిల్ కొలవడానికి మెడికల్ షాపులో పెద్ద సిరంజి ఒకటి కొని టూల్స్ డబ్బాలో పడేసుకోండి.