నీళ్ల కథే పెట్టండి

ప్రశ్న: మా కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) యూనిట్‌కు స్క్రాప్‌బుక్ చేస్తున్నాం. మర్రిగూడ దగ్గర వారం రోజుల క్యాంపు ఫొటోలున్నాయి. ఏ థీమ్ పెట్టాలో తేలక టెన్షన్‌గా ఉంది సార్.
– ఒక విద్యార్థిని, నల్లగొండ

జవాబు: మర్రిగూడ వెళ్లొచ్చాక వేరే థీమ్ ఎందుకమ్మా? నీళ్లే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఏమవుతుందో అక్కడి పెద్దల వంగిన మోకాళ్లే చెబుతాయి. వాళ్లు ఒప్పుకుంటేనే ఫొటో అతికించు. పక్కన వాళ్ల మాట వాళ్ల యాసలోనే రాయి, దిద్దకు. మొదటి పేజీకి ఎన్‌ఎస్‌ఎస్ గుర్తులోని చక్రం, ఆ పథకం మొదలైన 1969 చాలు. మైదా జిగురు మాత్రం వద్దు, నా పాత ఆల్బమ్‌ను పురుగులు తినేశాయి. ఫొటో మూలలకు తొడిగే కార్నర్లు కొను. చివర నాలుగు పేజీలు ఖాళీగా ఉంచు, వచ్చే ఏడాది పిల్లలు అదే ఊరికి వెళ్తే నింపుతారు.