అంతరాత్మకి ఇంకో ఆర్టిస్టు కావాలా?

ప్రశ్న: మేం వేసే నాటికలో పైకి నవ్వుకుంటూ లోపల రగిలిపోయే ఇద్దరు తోడికోడళ్లుంటారు. వాళ్ల మనసులుగా ఇంకో ఇద్దరు ఆర్టిస్టుల్ని పెట్టి రాశాను. మా డైరెక్టర్ గారేమో ఇది పాత సినిమాల్లో అద్దంలోంచి అంతరాత్మ వచ్చి చీవాట్లు పెట్టినట్టుంది, స్వగతం పెడితే చాలదా అంటున్నారు. ఇలా స్టేజీ మీద ఎవరైనా చేశారా అండీ? జనానికి అర్థమవుతుందా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చేశారమ్మా, అదీ నూరేళ్ల కిందటే, అచ్చం మీ కథలాంటి కథతోనే. అమెరికాలో ఆలిస్ గెర్‌స్టెన్‌బర్గ్ అనే ఆవిడ రాసిన ‘ఓవర్‌టోన్స్’ అనే చిన్న నాటికని 1915లో న్యూయార్క్‌లో ఆడారు. ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని టీ తాగుతుంటారు, ఒకావిడ డబ్బున్న ఇంటి ఇల్లాలు, ఇంకో ఆవిడ పెయింటర్ భార్య, ఇంట్లో తిండికి కూడా కటకటగా ఉన్నా ఆ సంగతి బయటపడనివ్వకుండా కబుర్లు చెప్తూ ఉంటుంది. ఆ పెయింటర్ ఒకప్పుడు డబ్బున్నావిడ ప్రేమించినవాడే! ఇద్దరి వెనకా వాళ్ల మనసులు, ముసుగులేసుకుని, వాళ్ల గౌన్ల రంగుకే ముదురు షేడు బట్టల్లో నిలబడి ఉంటాయి. జనానికి అర్థమవుతుందా అన్నారు కదా, లేత ఆకుపచ్చ చీర వెనక ముదురు ఆకుపచ్చ చీర నిలబడితే ఎవరు ఎవరి మనసో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

మీ డైరెక్టర్ గారి మాట కూడా కొట్టిపారేసేది కాదు, స్వగతం మన నాటకానికి పాత ఆస్తి. కానీ స్వగతం చెప్పేటప్పుడు ఎదుటి పాత్ర ఏం చెయ్యాలో తెలీక నిలబడిపోతుంది, కథ అక్కడే ఆగుతుంది. మనసు వేరే మనిషిగా ఉంటే నోరు “అబ్బే, కేక్ వద్దండీ” అంటున్నప్పుడే లోపలిది “ఆకలేస్తోంది” అని అరవొచ్చు, రెండూ ఒకేసారి చెవిన పడతాయి, ఆ సుఖం స్వగతంలో దొరకదు.

అద్దంలో అంతరాత్మతో నా పేచీ ఏంటంటే అది ఎప్పుడూ జడ్జిలా వచ్చి ధర్మం చెప్పి పోతుంది. మన మనసులు అంత మంచివా? వాటికి ఆకలుంటుంది, అసూయ ఉంటుంది, భయం ఉంటుంది. ‘ప్రబోధ చంద్రోదయం’ అనే సంస్కృత నాటకంలో కృష్ణమిశ్రుడు పదకొండో శతాబ్దంలోనే వివేకాన్నీ మోహాన్నీ పాత్రలు చేసి యుద్ధం పెట్టాడు, నంది మల్లయ, ఘంట సింగన దాన్ని తెలుగు కావ్యంగా కూడా రాశారు, కాకపోతే అవి గుణాలు, ఒక ఫలానా మనిషి లోపలి మనిషి కాదు.

నాకు బాగా ఇష్టమైంది మాత్రం ఐర్లండ్ నాటకం, 1964లో డబ్లిన్‌లో వేసిన బ్రయన్ ఫ్రీల్ ‘ఫిలడెల్ఫియా, హియర్ ఐ కమ్!’ పల్లెటూళ్లో కొట్టు నడుపుకునే తండ్రి, తెల్లారితే అమెరికా వెళ్లిపోయే కొడుకు గార్. గార్‌ని ఇద్దరు నటులు వేస్తారు, నలుగురికీ కనిపించే గార్ ఒకడు, లోపలి గార్ ఇంకొకడు. లోపలివాణ్ణి ఎవరూ చూడలేరు, చివరికి గార్ కూడా వాడి మొహం వైపు చూడడు. వాడు నాటకమంతా నాన్నని ఆటపట్టిస్తూ గలగలా వాగుతూనే ఉంటాడు. చిన్నప్పుడు నాన్నతో నీలం పడవలో చేపలకి వెళ్లిన రోజు గార్‌కి గుర్తు, ఆఖరి రాత్రి ధైర్యం చేసి అడిగితే నాన్నకి ఆ పడవ గుర్తుండదు. కొడుకు లేనప్పుడు నాన్న ఇంకేదో జ్ఞాపకం పనిమనిషికి చెప్పుకుంటాడు, కొడుకు సెయిలర్ సూట్ వేసుకుని బడికెళ్లాడని, ఆవిడేమో వాడికి ఆ సూటే లేదంటుంది. అంత వాగే మనసుండి కూడా తండ్రీకొడుకులు ఒకళ్లకొకళ్లు అందకుండానే మిగిలిపోతారు. కొడుకుని ఫ్లైటెక్కించి ఇంటికొచ్చిన మన తల్లిదండ్రులకి ఇది విప్పి చెప్పాలా?

అందుకే మీ తోడికోడళ్ల మనసులకి కూడా ఏదో ఒకటి కావాలనుండాలి, అది దొరక్కూడదు. రిహార్సల్‌లో ఒకసారి మనసుల డైలాగులన్నీ తీసేసి ఆడించి చూడండి, లేకపోయినా సీను నడిచిపోయిన ప్రతి డైలాగునీ కొట్టేయండి. మిగిలినవాటితో మీ డైరెక్టర్ గారికి మళ్లీ వినిపించండి.