అల్లుడూ, హైదరాబాద్ రైలెక్కే ముందు

నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. కథ బాగుందిరా, కానీ అదింకా కథే, స్క్రీన్‌ప్లే కాలేదు. "వాడి మనసులో తండ్రి పోయిన బాధ అలాగే ఉంది" అని రాశావు, మనసులో ఉన్నది కెమెరాకి ఎలా కనపడతాది చెప్పు.

మన బరంపురంలో పట్టుచీరల కొట్లో నేను చూసిందొకటి చెప్తాను. ఒకావిడ ఒడియాలో బేరమాడతంది, కొట్టాయన లోపలున్న భార్యని తెలుగులో అడిగాడు ఎంతకిచ్చీమంటావని, "రెండు వేలు తగ్గించినా మనకి మిగుల్తాది" అందావిడ. వెంటనే కొనడానికొచ్చినావిడ తెలుగులోనే "అయితే ఆ రెండు వేలూ తగ్గించండి బాబూ" అంది. ఆయనేం మాట్లాడలేదు, మడతపెట్టేసిన చీరనే విప్పి మళ్లీ మడతపెట్టాడు. ఎవరికేం కావాలి, ఏది దాస్తున్నారు, ఎక్కడ తిరగబడింది, అన్నీ ఉన్నాయి కదా. ఆయన సిగ్గుపడ్డాడని రాయక్కర్లేదు, ఆ మడత రాస్తే చాలు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడుకుంటూ పెరిగావు, ఇలాంటివి నీ దగ్గర బోలెడు ఉంటాయి, అవి వదిలేసి చూసిన సినిమాల్లోంచి సీన్లు తెచ్చుకోకు.

ముందు వన్‌లైన్ ఆర్డర్ వేసుకో, అంటే ఒక్కో సీన్ ఒక్కో లైన్లో వరసగా. ఇంటర్వెల్‌కి జనం టీ కోసం లేచినప్పుడు ఏ ప్రశ్న పట్టుకుని బయటికెళ్తారో తేల్చుకున్నాకే మిగతా సీన్లు. డైలాగులు ఆఖర్న.

ఇంక అసలు సంగతి. మన దగ్గర కథ నోటితో చెప్పే అలవాటు, నెరేషన్ బాగుంటే చాలనుకుంటారు. నేనూ అలాగే ఒక సినిమా ఆఫీసులో పదకొండు నెలలు సిట్టింగ్స్‌లో, అంటే కథా చర్చల్లో, కూర్చున్నాను, ఒక్క కాయితం రాయించుకోలేదు. సినిమా వచ్చాక మీ అత్తని తీసుకుని మొదటాటకెళ్లాను, టైటిల్స్ అయిపోయాయి, నా పేరు లేదు. తను ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకుంది, అది ఇప్పటికీ మర్చిపోలేను.

ఐడియాకి కాపీరైట్ లేదు, దాన్ని నువ్వు రాసిన తీరుకే ఉంది, 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందదే. అందుకే ఉత్త ఐడియా చెప్పడానికి వెళ్లకు, మొత్తం రాసి, రచయితల సంఘంలో రిజిస్టర్ చేసి అప్పుడెళ్లు, ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో అయితే ఆన్‌లైన్‌లోనే చెయ్యొచ్చు. హక్కులు ఇచ్చేటప్పుడు 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ చదువు. రాతపూర్వకంగా లేనిదే చెల్లదు, ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లే, తీసుకున్నవాళ్లు ఏడాదిలోపు వాడకపోతే హక్కు నీకు తిరిగొచ్చేస్తాది, కాకపోతే అగ్రిమెంట్‌లో వేరేలా రాస్తే ఆ తిరిగొచ్చే వీలు పోతాది, అలాంటి మాట ఎక్కడుందో వెతికి చూసుకున్నాకే సంతకం పెట్టు. అడ్వాన్స్ ఎంత, ఏ డ్రాఫ్ట్‌కి ఎంత, టైటిల్స్‌లో పేరు ఎలా వేస్తారు, ఇవి అడగడానికి మొహమాటపడకు నాయనా.

దసరాలోపు ఆర్డర్ పూర్తిచేసి పర్లాకిమిడి నుంచి ఇక్కడికి వచ్చీ. నాకూ మీ అత్తకీ ఆపకుండా నెరేట్ చెయ్యి. మధ్యలో ఆవిడ ఎక్కడ లేచి వంటింట్లోకెళ్తాదో ఆ సీన్ పక్కన పెన్సిల్‌తో గీత పెట్టుకో, రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం కూర్చుని దాన్ని మళ్లీ రాద్దాం.

మీ మావయ్య